కుర్చీకి ఎదురుగా ముక్కాలి పీట

నారాయణ కాఫీకి రాలేదు.

గ్లాసులో పోసిన కాఫీ మీద మీగడ కట్టింది. బయమ్మ దాన్ని తిరిగి గిన్నెలో వంచి, వెచ్చబెట్టి, మళ్ళీ గ్లాసులో పోసింది. అరుగు మీద తమ్ముడు కూర్చునే చోట పెట్టి వీధి వైపు చూసింది.

"ఇంక రాడులే అత్తా. ఆ కాఫీ నువ్వు తాగు," అంది జయంతి మెల్లగా.

"వాని గ్లాసు నేనెందుకు తాగల్ల?" అంది కోడలితో బయమ్మ. "కంపెనీ పెట్టకముందు నుంచీ నా తమ్ముడు ఈ అరుగు మీద కాఫీ తాగకుండా పనికి పోయింది లేదు. ఈ పొద్దు పోయినాడు. ఎందుకు పోయినాడో నీ మొగుని చేతిలో ఉండే పేపరును అడుగు."

గిరి చేతిలో పేపరు ఇంకా తెరిచే ఉంది. జిల్లా పేజీలో పై వరసలోనే 'హగరి కుర్చీ గిరిదేనా?' అని పెద్ద అక్షరాలు. కింద ఫోటో. కంపెనీ షెడ్డులోని తండ్రి గదిలో, పేము అల్లిన చేతుల కుర్చీలో కూర్చుని నవ్వుతున్న గిరి.

వారం కిందట డీలర్ల మీటింగులో గిరి తండ్రి సుంకప్ప మైకు పట్టుకుని, "ఉగాది నుంచి హగరి కంట్రోల్సుకు నేను పెద్దను కాను," అని చెప్పి వేదిక దిగిపోయాడు. తర్వాత ఎవరు అన్నది చెప్పలేదు. ఆయన చెప్పని ఆ ఒక్క పేరును అప్పటి నుంచీ జిల్లా అంతా తలా ఒక రకంగా పూరించుకుంటోంది. మోటారు స్టార్టర్లు చేసే కంపెనీ అది. హగరి పెట్టె బిగించని బావి ఈ చుట్టుపక్కల తక్కువ.

"నేను అడిగి తీయించుకోలేదమ్మా," అన్నాడు గిరి. "కొత్త పెట్టె గురించి రాస్తామని వచ్చినాడు. ఆడ వెలుతురు బాగుండాది, కూర్చో అన్నాడు. కూర్చున్నా."

"వాడు కూర్చోమంటే కూర్చున్నావు. ఆ కుర్చీలో మీ నాయన ఏనాడన్నా కూర్చున్నాడా?"

గిరి మళ్ళీ ఫోటో వైపు చూశాడు.

ఊరికి తెలియని సంగతి అదే. సుంకప్ప గదిలో ఉన్న ఒకే ఒక మంచి కుర్చీ ఆయనది కాదు. మోటారు కాలిపోయిందనో, పెట్టె పని చేయలేదనో తిట్టడానికి వచ్చిన రైతుది. మట్టికాళ్ళతో వచ్చినా సరే, ఆ మనిషి కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా ముక్కాలి పీట మీద సుంకప్ప కూర్చుంటాడు. తిట్టేవాడు ఆగేదాకా నోరు విప్పడు. ఆగిన తర్వాత ఒక్క మాట అడుగుతాడు. "ఇంకేముండాది?"

వాడు మళ్ళీ మొదలుపెడతాడు. సుంకప్ప మళ్ళీ వింటాడు. "ఇంగేం లేదప్పా" అని వాడి నోటితో వచ్చేదాకా పీట మీద నుంచి లేవడు. లేచాక, పానాలూ తీగలూ ఇచ్చి మనుషులను వాడి వెంటే పంపుతాడు.

జయంతి కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో ఒకసారి చూసింది. తన పుట్టిల్లు ఉన్న యాడికి ఊరి నుంచే వచ్చిన రైతు ఒకడు మామ తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టి, చివరకు మజ్జిగ తాగి, "నీయట్లోనితో కొట్లాడనీకి కూడా కుదరదు కదప్పా," అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఇంత మాట పడి కూడా మనిషి చిన్నబోకుండా ఉండవచ్చని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత కంపెనీలో ఫిర్యాదుల ఫోను తనకు ఇమ్మని తానే అడిగి తీసుకుంది.

ఊళ్ళో వాళ్ళకు ఫోటోలో కొత్త పెద్ద కనిపించాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళకు మాత్రం వేరే సంగతి కనిపించింది. ఆ ఇంటి మనిషి ఎవరూ కూర్చోని కుర్చీలో గిరి కూర్చున్నాడు. అంటే తండ్రి మీద ఫిర్యాదుకు దిగాడు. లేదా ఆ కుర్చీ ఎవరిదో మరిచిపోయాడు. రెండింట్లో ఏది నిజమైనా నారాయణ తట్టుకోగలిగింది కాదు.

ఫోను మోగింది. రాయదుర్గం డీలరు తిప్పేష్.

"జయంతమ్మా, నాకన్నా నిజం చెప్పు. హైదరాబాదోళ్ళు కంపెనీని కొన్నారంట కదా."

"ఎవరన్నారు తిప్పేషన్నా?"

"బస్టాండులో అందరూ అదే అంటాండారు. నారాయణప్పను వాళ్ళు ఎగరేసుకోని పోతారంట. గిరప్ప ఇంగ మోటార్ల జోలికి పోడంట, టీవీలు చేస్తాడంట. కళ్యాణదుర్గంలో వేరే మాట. భూమి లోపల నీళ్ళు యాడుండాయో చెప్పే పెట్టె చేస్తాండారని. ఇద్దరు ముందుగానే పేరు రాయించుకుంటామని నా అంగడికి వచ్చినారు."

"అట్లాంటి పెట్టె ఏదీ లేదన్నా."

"లేదని చెప్పొద్దు తల్లీ. చూస్తాండాం అని చెప్పు. పాపం, శానా ఆశగా వచ్చినారు."

బయమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది. "అది చేసేవాడు యాడన్నా ఉంటే పిలుచుకోని రమ్మను. కుర్చీ, పీట, ఇల్లు, నేనూ అన్నీ వానికే," అంది.

గిరికి నవ్వు రాబోయి ఆగిపోయింది. పేపరు మడిచి, పెరటి వైపు నడిచాడు.

పెరట్లో బట్టలు ఉతికే బండ పక్కన సుంకప్ప ఒక పాత స్టార్టరు విప్పుకుని కూర్చున్నాడు. లోపలి రాగి బిళ్ళలను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. నిన్న కూడా అవే బిళ్ళలు తుడిచాడు. మొన్న గుమ్మఘట్టలోని సొంత చేనుకు పోయి వచ్చినప్పటి నుంచీ షెడ్డుకు పోలేదు. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మాట మాత్రం లేదు. కొడుకా బామ్మర్దా అన్నది తేల్చుకోలేక నలిగిపోతున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఊరు కూడా అదే అనుకుంది.

"నాయనా, నారాయణ మామకే ఇయ్యి," అన్నాడు గిరి. "నేను అడ్డం రాను. ఆయప్ప చేతి కింద పని చేస్తా. కానీ సెల్లు పెట్టె ఉగాదికి బయటికి రావల్ల. డీలర్లకు మాట ఇచ్చినాం."

సుంకప్ప ఇంకో బిళ్ళ తీసుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు కూడా విన్నావు కదా."

అందరూ విన్నారు. అనంతపురంలో ఆ డీలర్ల మీటింగు వేదిక మీద నిలబడి గిరి తన సెల్లులో ఒక నంబరు నొక్కాడు. ఎక్కడో గుమ్మఘట్టలో, వాళ్ళ బావి మీద మోటారు తిరిగింది. తిరుగుతున్న చప్పుడు ఆ పెట్టెలోని చిన్న మైకు నుంచి వచ్చి హాలంతా నిండింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు ముందు. ఒక ముసలి డీలరు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. ఉచిత కరెంటు ఏ అపరాత్రి వస్తుందో తెలియక, పాములు తిరిగే గట్ల మీద టార్చి పట్టుకుని బావికి పోయినవాళ్ళకు ఆ చప్పుడు విలువ ఒకరు చెప్పనక్కర లేదు.

"నీ పెట్టె మంచిదే," అన్నాడు సుంకప్ప.

"మంచిదైతే మరి ఏంటికి మాట్లాడవు? మామ మొగం చూపడు, నువ్వు నోరు తెరవవు. నేను చేసిన తప్పేమో చెప్పండి ఎవరన్నా. ఫోటోనే తప్పయితే ఇప్పుడే పోయి ఆయప్ప కాళ్ళు పట్టుకుంటా."

సుంకప్ప గుడ్డను కిరసనాయిల్లో ముంచి పిండాడు. కొడుకు వైపు చూశాడు. మళ్ళీ బిళ్ళ మీదికి వంగాడు.

గిరి స్కూటరు తీసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు.

తలుపు పక్క నుంచి చూస్తున్న జయంతికి ఒకటే సంగతి అంతుపట్టలేదు. మీటింగు మరుసటి పొద్దున ఇదే బండ మీద కూర్చుని ఈ మనిషే ఆమెను పిలిచాడు. "అమ్మా, ఆ సెల్లు ఇట్ల తే. మన మోటారును పిలువు, ఇంకోసారి విందాం." కళ్ళద్దాలు లోపల ఉన్నాయి. నంబరు ఆమే నొక్కి ఇచ్చింది. ఆయన సెల్లును చెవికి పెట్టుకోకుండా ఇద్దరికీ వినబడేట్టు నడుమ పట్టుకున్నాడు. మోటారు అందుకుంది. ఆ చప్పుడులో ఎవరో గట్టిగా అరిచినట్టయింది. సుంకప్ప నవ్వి, "బావికాడ కుళ్ళాయప్ప అదిరిపడినట్టుండాడు," అన్నాడు. మళ్ళీ నొక్కించి మోటారును ఆపించాడు.

"వాడు చేసింది నేను ఈ జన్మలో చేయలేను. వానికి చెప్పొద్దు, నెత్తికెక్కుతాది," అన్నాడు సెల్లు తిరిగి ఇస్తూ. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిందో జయంతికి ఇంకా గుర్తుంది.

అంతగా మెచ్చుకున్న మనిషి గుమ్మఘట్టకు పోయి వచ్చి ఎందుకు ఇట్లా మూగబోయాడు?

*

హగరి షెడ్డు ఊరి బయట, పారిశ్రామిక వాడలో ఉంది. మధ్యాహ్నం దాటాక జయంతి వెళ్ళేసరికి నారాయణ పరీక్ష బల్ల దగ్గర ఉన్నాడు. ఏ పెట్టె గేటు దాటాలన్నా ముందు ఆయన చెవి దగ్గర ఒకసారి టక్కుమనాలి. ఆ టక్కు నచ్చకపోతే వెనక్కి పంపుతాడు. ఎందుకు నచ్చలేదని అడిగితే, "నాకు నచ్చలేదు, అంతే," అంటాడు. విప్పి చూస్తే లోపల ఏదో ఒక మర వదులుగా ఉండనే ఉంటుంది.

"కాఫీ రెండుసార్లు వెచ్చబెట్టింది అత్త," అంది జయంతి.

"రేపు కూడా వెచ్చబెట్టొద్దని చెప్పు."

"అంటే హైదరాబాదు మాట నిజమేనా మామా?"

నారాయణ చేతిలోని పెట్టెను బల్ల మీద పెట్టాడు. "నన్ను వాళ్ళ కంపెనీకి పిలిచినారు. నిజమే. సాయంత్రం ఫోను చేస్తారు. వస్తానో రానో చెప్పల్ల."

"మీరు పోతే ఈ బల్ల దగ్గర నేర్చుకున్నోళ్ళందరూ మీ వెంట వస్తారు."

"నేను రమ్మని అడగను."

"మీరు అడగాల్సిన పని లేదు. వాళ్ళు వస్తారు. మా ఆయన దగ్గర మంచి పెట్టె ఉంటాది, దాన్ని చేసే చేతులుండవు."

షెడ్డులో ఆ చివర గిరి ఏదో తీగ అతుకుతూ వంగి ఉన్నాడు. నారాయణ అటు చూడకుండానే మాట్లాడాడు.

"వాని తెలివి నాకు తెలీదా? ఆ పొద్దు హాల్లో మోటారు పలికినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. నా అక్క కొడుకు అని పక్కనున్నోనికి చెప్పుకున్నా. వాడు పెద్ద అయితే నాకేం కడుపుమంట లేదు జయంతీ."

"మరి ఆ ఫోటోనా?"

"ఆ కుర్చీలో కూర్చున్నందుకు కాదు. కూర్చుని, బాధ ఏమీ చెప్పకుండా లేచి వచ్చినందుకు. ఊకే వెలుతురు బాగుండాదని కూర్చున్నాడంట. ఆ కుర్చీ అట్లా కూర్చునేది కాదని వానికే తెలీకపోతే, ఇంక నేనుండి ఎవరికి చెప్పల్ల?"

"ఆ మాట ఆయనకే చెప్పండి."

"అడిగితే చెప్తా. వాడు ఎవరి మాటన్నా వినేంత సేపు గమ్మున ఉంటాడా? మనం సగం చెప్తానే జవాబు రెడీగా ఉంటాది."

అది నిజమే. జయంతి పెళ్ళయిన కొత్తలో అదే అనుకుంది. తలనొప్పి అని ఆమె చెప్పబోతే, తల అనే లోపలే మాత్ర చేతికి వచ్చేది. ప్రేమ లేక కాదు. ఆ మనిషి మనసు ఎప్పుడూ మాట కంటే ముందు పరుగెత్తుతుంది. అట్లా పరుగెత్తబట్టే ఆ పెట్టె పుట్టింది. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు.

ఆమె లేచి గిరి దగ్గరకు పోబోతుండగా గేటు దగ్గర ఆటో ఆగింది.

ముందు సుంకప్ప దిగాడు. తర్వాత, గుమ్మఘట్టలో వాళ్ళ చేను చూసుకునే కుళ్ళాయప్ప దిగాడు. కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా కట్టు ఉంది. మెడలో వేసుకున్న తువ్వాలులో ఆ చేతిని వేలాడదీసుకున్నాడు.

షెడ్డులో చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అందరూ పని చేసుకోండప్పా," అన్నాడు సుంకప్ప. "నారాయణా, గిరీ, ఇట్ల రండి. నువ్వు కూడా అమ్మా."

తన గదిలోకి వెళ్ళాడు. కుళ్ళాయప్పను కిటికీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాడు. తర్వాత, ఎవరూ ఊహించని పని చేశాడు. పీట వైపు పోకుండా, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, పేము కుర్చీలో కూర్చున్నాడు.

నారాయణ గుమ్మంలోనే ఆగిపోయాడు. "బావా, ఏం పని ఇది?"

"మోటారు బాధ చెప్పుకుందామని వచ్చినా," అన్నాడు సుంకప్ప. "రైతును. గుమ్మఘట్ట. వినేవాళ్ళు ఎవరన్నా ఉండారా ఈడ?"

ముక్కాలి పీట ఖాళీగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఒకే మనిషి కూర్చుని నడుమ నున్నగా అరిగిన పీట.

గిరి నారాయణ వైపు తిరిగాడు. "నువ్వు కూర్చో మామా. నీకు తెలుసు ఎట్ల వినల్లో."

"ఫోటో దిగింది నువ్వు," అన్నాడు నారాయణ. "ఆ పక్క నుంచి చూసినావు. ఈ పక్క నుంచి కూడా చూడు."

గిరి కూర్చున్నాడు. పొడుగు మనిషి. పీట మరీ చిన్నది. మోకాళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కింద నుంచి చూస్తుంటే తండ్రి ముఖం చిన్నప్పటి నుంచీ చూసిన ముఖం మాదిరి లేదు.

"మీ కొత్త పెట్టె పెట్టించుకున్నామప్పా మా బావికి," అని మొదలుపెట్టాడు సుంకప్ప. నిజంగా పరాయి రైతు చెప్పినట్టే చెప్పాడు. "సెల్లులో పిలిస్తే మోటారు తిరిగే పెట్టె. శానా బాగుండాది. నేను ఇట్లాంటిది చూడలేదు. మా చేను చూసే మనిషి కుళ్ళాయప్ప. మోటారుకూ పంపుకూ నడుమ నీళ్ళు కారుతాంటే, నూలుతాడు దూర్చి బిగిస్తాండాడు. ఎప్పుడూ చేసే పనే. మోటారు ఆగి ఉంది కదా అని చెయ్యి లోపలికి పెట్టినాడు. యాడనో ఊర్లో ఉన్నోడు ఎవడో సెల్లులో పిలిచినాడు. మోటారు తిరిగింది. రెండు వేళ్ళు నలిగినాయి."

గిరి నోరు తెరిచాడు. 'నేను పిలిచినప్పుడేనా' అన్న మాట నాలుక దాకా వచ్చినట్టు జయంతికి కనిపించింది. హాల్లో లేచి నిలబడ్డ మనుషులు, ఆ చప్పుడు, కండువాతో కళ్ళు తుడుచుకున్న ముసలాయన, అన్నీ ఒక్కసారి గిరి ముఖం మీద తిరిగి వచ్చి, ఆ ముఖం నల్లబడింది. అయినా మాట బయటికి రాలేదు. పీట అంచులను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరికి తండ్రిని అడిగాడు. "ఇంకేముండాది?"

నారాయణ గోడకు ఆనుకున్నాడు. ఆ రెండు మాటలు ఆ పీట మీద నుంచి ఇంకో గొంతులో వినడం ఆయనకు ఇదే మొదలు.

"ఉండాది," అన్నాడు సుంకప్ప. "మీటింగు పొద్దు కాదు అది జరిగింది. మరుసటి పొద్దున. పిలిచింది మీ కంపెనీవాళ్ళు కాదు. నేనే. చేసినోడు నా కొడుకు కదా, ఇంకోసారి విని మురుసుకుందామని పిలిచినా. ఆ మనిషి అరుపు నా చెవిన పడింది. అదిరిపడినాడు అనుకోని నవ్వినా."

జయంతికి ఆ పొద్దు కళ్ళ ముందుకు వచ్చింది. పెరట్లో బండ, సెల్లు, తన బొటనవేలు కింద మెత్తగా దిగిన మీటలు.

"మామా, నంబరు నొక్కింది నేను," అంది. "మీకు కళ్ళద్దాలు లేవు."

"నువ్వు అంకెలు నొక్కినావమ్మా. మోటారు తిప్పింది నేను." సుంకప్ప ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. "గుమ్మఘట్టకు పోయి వాని చెయ్యి చూసినంక నాకు మాట రాలేదు. వాడు రాయదుర్గంలో కట్టు కట్టించుకోని, ఎద్దు పలుపు చుట్టుకునిందని ఊరికి చెప్పుకోనుండాడు. కంపెనీకి చెడ్డపేరు వస్తాదని. ఆ పెట్టె నీది గిరీ, తప్పు నాది. ఈ మాట ఇంట్లో చెప్పేది కాదు. ఈ కుర్చీలోనే చెప్పల్ల. దానికే వచ్చినా."

జిల్లా అంతా ఆ మౌనానికి ఎన్ని అర్థాలు కట్టిందో జయంతికి గుర్తొచ్చింది. అమ్మకం, పంపకం, అలక, టీవీలు. ఆ మనిషి మోసింది మాత్రం ఒక చేతి బరువు.

"ఇంకేముండాది?" అన్నాడు గిరి మళ్ళీ.

"ఒకటే. ఉగాదికి ఆ పెట్టె బయటికి పోకూడదు. మా బావికున్నది కూడా పెరికేయల్ల. ఇంగేం లేదప్పా."

సుంకప్ప కుర్చీలోంచి లేచాడు. కుళ్ళాయప్ప భుజం పట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. కుళ్ళాయప్ప ఆ కుర్చీ అంచున, పడిపోతానేమో అన్నట్టు కూర్చున్నాడు.

"నాకేం లేదు గిరన్నా," అన్నాడు. "మీ నాయన ఊరికే పిలుచుకోని వచ్చినాడు."

"ఉన్నది చెప్పు కుళ్ళాయప్పా. నేను వింటా."

కుళ్ళాయప్ప కట్టు వైపు చూసుకున్నాడు. "తప్పు నాది కూడా ఉండాది. ఆ పెట్టెకు పిలుపు పోయేది నీ సెల్లు నుంచే అనుకున్నా. నువ్వు పొద్దెక్కనిది లేవవు కదా, అది ఊరందరికీ తెలుసు. ఇంత పొద్దున్నే పిలిచేదెవరు అని చెయ్యి పెట్టినా."

ఆ మాటకు నారాయణ ముక్కులోంచి నవ్వులాంటిది బయటికి వచ్చింది. గిరి కూడా తల వంచుకున్నాడు.

"ఇంకేముండాది?"

"పెట్టె పెరకొద్దు అన్నా."

సుంకప్ప తల తిప్పాడు. "ఏమంటాండావు రా?"

"నా మాట అడిగినారు, చెప్తాండా. వేళ్ళు అతుకుతాయని డాక్టరు చెప్పినాడు. ఆ పెట్టె వచ్చినంక మూడు పూటలు నేను ఇంట్లో పండుకున్నా. పెండ్లయినప్పటి నుంచి రాత్రిపూట బావికాడనే నా పడక. మా తిప్పమ్మ, నువ్వు నిద్రలో గురక పెడతావని నాకు ఇన్నేండ్లు తెలీదే అని నవ్వింది. దాన్ని పెరికితే నేను మళ్ళ గట్టు మీదికే పోవల్ల. నన్ను అడగకుండా పెరకొద్దు. ఇంగేం లేదు."

గదిలో సాయంత్రపు ఎండ కిటికీ దాటి పీట దాకా వచ్చింది. గిరి ఒకసారి తండ్రిని చూశాడు, ఒకసారి కట్టు కట్టిన చేతిని చూశాడు.

"రెండూ విన్నా," అన్నాడు. "రెంటికీ నా దగ్గర ఈ పొద్దు జవాబు లేదు."

సుంకప్ప కొడుకును అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట ఆయనకు నచ్చిందో లేదో ముఖంలో తెలియలేదు. కానీ పెట్టె పెరకమని మళ్ళీ అనలేదు.

అప్పుడే నారాయణ జేబులో సెల్లు మోగింది.

అది హైదరాబాదు ఫోను అని కుళ్ళాయప్పకు తప్ప గదిలో అందరికీ తెలుసు. నారాయణ సెల్లు బయటికి తీశాడు. ఎత్తలేదు, ఆపలేదు. అరచేతిలో అది మోగుతూనే ఉంది.

గిరి పీట మీద నుంచి లేవకుండానే ఆయన వైపు చూశాడు.

"మామా, నాకొక్కనికి ఇది తెగదు. ఇంకో పీట తెస్తావా?"

నారాయణ మేనల్లుణ్ణి చూశాడు. తర్వాత మోగుతున్న సెల్లును బల్ల మీద బోర్లా పెట్టి, గది దాటి బయటికి వెళ్ళాడు.

గుమ్మం దాటి ఎడమకు తిరిగితే షెడ్డు. పనివాళ్ళు కూర్చునే పీటలు అక్కడే ఉంటాయి. కుడికి తిరిగితే గేటు.

జయంతి గుమ్మానికి దగ్గరగానే నిలబడి ఉంది. ఒక్క అడుగు వేసి తొంగి చూస్తే చాలు. ఆమె వేయలేదు. షెడ్డులో మళ్ళీ మొదలైన చప్పుళ్ళ నడుమ ఆ చెప్పుల అలికిడి ఎటు పోతోందో చెవులు రిక్కించి విన్నది. తెలియలేదు.

బల్ల మీద సెల్లు ఆగింది. మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.

గిరి ఆ వైపు తిరగలేదు. ముక్కాలి పీట మీద మోకాళ్ళు ముడుచుకుని, పక్కన ఇంకో పీట పట్టేంత చోటు వదిలి జరిగి కూర్చున్నాడు.